అణువుల మబ్బుకు బొట్టు

కరీంనగర్‌లో ఒక కాలేజీ వెనక గదిలో ఉంటుంది నా మిషన్. లేజర్లతో అణువులను చల్లార్చి, గాజు గొట్టంలో తేలేలా పట్టి ఉంచుతుంది. కెమెరాలో చూస్తే పగిలిన పత్తికాయలా తెల్లటి మబ్బు. వదిలేస్తే ఆ మబ్బు పడే తీరును బట్టి నేల లోపల ఎక్కడ బోలుగా ఉందో చెప్పొచ్చు. మా దిక్కున పాత బొగ్గు గనులున్నాయి కాబట్టి దీన్ని ఇక్కడే పెట్టాలని కొట్లాడాను. పక్కనే క్వారీ లారీలు తిరుగుతాయని మా పెద్దసారుకు అది ఇష్టం లేదు. దసరా తెల్లారి వచ్చి చూస్తానన్నారు. తెర మీద మబ్బు బొమ్మ బాగా రాకపోతే మిషన్ హైదరాబాద్‌కు పోతుంది, దాని వెంట నేనూ పోవాలి.

దసరా నాడు నిర్మల్ నుంచి మా అవ్వ వచ్చింది. మిషన్ మూత తీసి చూపించాను.

"ట్రాక్టరుకు పెడ్తిమి, కుట్టుమిషనుకు పెడ్తిమి, గిదేం పాపం జేసింది?" అంటూ కుంకుమ భరిణె తీసింది.

"పెట్టె మీద పెట్టు అవ్వా, గాజు ముట్టకు."

ముట్టలేదు, పాపం.

మర్నాడు సారు తెర ముందు కూర్చున్నారు. అవ్వ తలుపు దగ్గర నిలబడింది. మబ్బు వచ్చింది, నడిమిట్ల నల్లటి బొక్కతో.

"చూశావా? క్వారీ లారీల అదురుకు మబ్బు చెదిరిపోతోంది. సర్దెయ్యమ్మా," అన్నారు.

చెదిరిన మబ్బు అట్లా ఉండదు. నాకు ఒళ్లు మండింది.

"జర ఆగుండ్రి సార్!"

లెన్సు జరిపాను. మబ్బును ఎంత పెద్దగా కావాలంటే అంత పెద్దగా చూసేలా నేనే అమర్చుకున్న లెన్సు అది. మబ్బు రెండింతలైంది. బొక్క మాత్రం ఉన్నంతే ఉంది.

"బొక్క మబ్బులదైతే మబ్బుతోని పెరగాలె గదా సార్? గిది కెమెరా మీదిది."

లేజర్ ఆపి చూస్తే కెమెరా అద్దం మీద కుంకుమ! బొట్టు పెట్టాక వేళ్లకు మిగిలిన చిటికెడు పైన చల్లడం మా ఇళ్లల్లో అలవాటు.

"అయ్యో బిడ్డా, నేనే ఆగం జేస్తినా?" అవ్వ మొహం పాలిపోయింది.

"ఏం గాలే అవ్వా, ఫికర్ జెయ్యకు."

తుడిచాను. మబ్బు నిండుగా వచ్చింది. బయట లారీలు పోతూనే ఉన్నాయి, అది చెక్కుచెదరలేదు. సారు చాలాసేపు చూసి, అవ్వ వైపు తిరిగారు.

"వచ్చే దసరాకు మూత పెట్టాక పూజ చేయండమ్మా."

వచ్చే దసరాకట! అవ్వ బుద్ధిగా తలూపింది. నాకు కళ్ల నిండా నీళ్లొచ్చి తెర కనబడలేదు.