పిట్టలకి ఎల్లిపోయిన వలిసలు

నిన్న రాయగడ బజార్లో పంచదార పొట్లం కట్టిచ్చిన కాయితం ఏదో పైదేశం పుస్తకంలోది. ఇంటికొచ్చి ఇప్పితే రంగుల బొమ్మ. సెట్టుకి ఒక గాజు గొట్టం ఏలాడతంది, దానికి పసుప్పచ్చ పిట్టొకటి అతుక్కోని గింజలు తింటంది. నల్లటి సన్నటి ఆ గింజలు సూడగానే కాయితం కింద పడేసి ఎనక్కి జరిగేను. రైల్వేలో పన్సేసే మా ఆయన, "ఏటే, పిట్టని సూసి బయపడ్డావా?" అని నవ్వేడు. పిట్టని కాదండి. అవి వలిసలనీ నూనెగింజలు, మా లక్ష్మీపూర్ కొండల మీద పండీవి.

లక్ష్మీపూర్లో మా నాన్నది టోకు కొట్టు. కొండోళ్ల కాడ వలిసలు కొని, బస్తాలకెత్తి విశాపట్నం పంపీవోడు. అక్కణ్ణించి ఓడెక్కి అమెరికా ఎల్లిపోయీవి, పిట్టల మేతకంట. నాకు పదేళ్లప్పుడు, విజీనారంలో బీయే సదూతన్న మా సిన్నమావ సెలవులకొచ్చి, ఆ బస్తాల మీద కూకోని దేశాల యాపారం ఎలగ నడుస్తాదో పాఠం సెప్పీవోడు. ఉదారనకి మా అమ్మే దొరికీది. అక్క అట్లూ బాగా ఏస్తాది, పూలూ బాగా కడతాది. పక్కింటామె రెండిట్లోనూ తక్కువే గాని, పూలల్లో మరీ అంత తక్కువ కాదు. అంచేత అక్క అట్లే ఏసి, పూలు ఆవిడ కాడ మార్చుకుంటే ఇద్దరికీ లాబం, దేశాలైనా అంతేనంట. "మరి పొయ్యికాడ సెగ ఏ దేశానిదిరా?" అంది మా అమ్మ. ఇంకో అట్టెయ్యక్కా అని కంచం జాపేడు మావ.

ప్రతీ సంతకీ ఒక కొండ ముసిలామె వొచ్చీది. ఏటేటా పంట అమ్మినా, సొరబుర్రనిండా ఇత్తనాలు మాత్రం ఇంటికాడ దాసుకునీది. ఆ యేడు వలిసలకి మంచి గిరాకీ. ఇంట్లో కొండోళ్ల మాట నాకే బాగా వొచ్చు. తిండికీ ఇత్తనానికీ పోగా మిగిలింది అమ్ముకుని బియ్యం కొనుక్కోమని ఆవిడికి సెప్పమన్నాడు మావ. ఆ 'పోగా మిగిలింది' ఎలగ సెప్పాలో నాకు తెలీదు. తెలీదంటే నామోషీ. ఉన్నదంతా అమ్మేస్తే మంచిదంట అనీసేను. పై సంతకి ఆవిడ ఆ ఇత్తనాల బుర్ర అట్టుకొచ్చి, తక్కిట్లోకి బోర్లించి, అడుగుని అరిసేత్తో కొట్టి మరీ దులిపింది. నాకు అప్పుడే తెల్సిపోయింది. కానీ దుబాసీ పిల్లని అందరిముందూ మావ మెచ్చుకున్నాడు కదా, నోరిప్పనేదు.

వానలు పడ్డాక ఇత్తనాలకని వొచ్చింది. అప్పటికి సరుకంతా సముద్రం దాటిపోయింది, పిట్టల మేతకి ఎల్లిపోయిందని సెప్పేను. నాన్న సంతంతా అడిగించేడు, కొట్టంతా ఊడిపించేడు. దోసెడు దొరికేయి, సగం మట్టి. అవి కొంగున కట్టుకుని, నాకేసి తిరిగి మెల్లగా అడిగింది.

"అమ్మి, ఆ పిట్టలు ఇత్తనానికి కొన్నైనా ఉంచుకుంటాయా?"

ఎటకారం కాదు, నిజంగానే అడిగింది. అది ఇని, మళ్లీ సెలవులకొచ్చున్న మావ మొకం మాడిపోయింది. "నువ్వావిడికి ఏటని సెప్పేవే?"

"నువ్వు సెప్పమన్నదే సెప్పేను."

మరావిడ రానేదు. ఆవిడ సేను బీడు పడిపోయిందనీ, ఇంటిల్లిపాదీ కూలికి ఎటో ఎలిపోయేరనీ సంతలో అనుకున్నారు. ఇప్పటికీ సినుకులు పడితే గుమ్మంలో ఎవులో తడిసి నిలబడ్డట్టుంటాది, ఎల్లి సూస్తే ఎవులూ ఉండరు. అందరికీ ఏళ్లు గడిసిపోతన్నాయి గాని, నాకా ఒక్క వాన ఇంకా ఎలవనేదండి.