పదమూడు అధ్యాయాల నోట్సు

పరీక్షకు నలభై రోజులుందనగా నేను చేసిన మొదటి పని చదవడం కాదు, టైంటేబుల్ గీయడం. అట్ట కొని, మూడు రంగుల స్కెచ్ పెన్నులు కొని, రోజంతా కూర్చుని గీశాను. ఇరవై రెండు రోజులు మొదటి రివిజన్, పన్నెండు రోజులు రెండోది, ఆరు రోజులు మూడోది. లెక్క సరిగ్గా సరిపోయిందని మురిసిపోయాను. అశోక్‌నగర్ హాస్టల్లో నా మంచం పక్క గోడకు దాన్ని అంటించాక, గ్రూప్స్‌కు చదివే నా రూమ్మేట్ వచ్చి పైనుంచి కిందిదాకా చూసింది. "అంత మంచిగుంది గానీ, ఇది గీసిన రోజు దీంట్ల ఏడున్నది?" అంది. నిజమే, నలభైలో ఒకటి అప్పటికే పోయింది.

సీఏ ఫైనల్ మొదటి గ్రూపు రాయడం నాకది రెండోసారి. అకౌంట్స్, ఫైనాన్స్, ఆడిట్ అని మూడు పేపర్లు. ఒక్కోదాంట్లో కనీసం నలభై రావాలి, మూడూ కలిపితే నూటయాభైకి తగ్గకూడదు. రెండింట్లో ఇరగదీసి మూడోదాంట్లో ముప్పై తొమ్మిది తెచ్చుకున్నా గ్రూపు మొత్తం పోయినట్టే. ఒక్క వెసులుబాటు మాత్రం ఉంది. ఏ పేపర్లోనైనా అరవై వస్తే, ఆ తర్వాత మూడుసార్ల దాకా దాన్ని మళ్ళీ రాయక్కర్లేదు. ఎగ్జెంప్షన్ అంటాం. నాకది లేదు. అక్కకు ఉంది.

అక్క అంటే తోడబుట్టిన మనిషి కాదు, చిక్కడపల్లి లైబ్రరీలో పరిచయమైన ఆవిడ. ముప్పై దాటాయి. ఆ పక్క సందులోనే కిరాయికి ఉండేది. ఒక చిన్న ఆడిట్ ఆఫీసులో పనిచేస్తూ, పరీక్ష కోసం జీతం లేని సెలవు పెట్టుకుంది. ఎప్పుడో అకౌంట్స్‌లో అరవై నాలుగు తెచ్చుకుని, ఆ ఎగ్జెంప్షన్‌తో రెండుసార్లు రాసి ఫెయిలయింది. ఇది మూడోసారి. ఈసారీ పోతే ఆ అరవై నాలుగూ పోతాయి, మళ్ళీ మూడు పేపర్లూ మొదటినుంచి రాసుకోవాలి. "ఈసారి కాకుంటే ఇగ నాతోని కాదు చెల్లె" అని రోజుకొక్కసారైనా అనేది. నవ్వుతూనే అనేది గానీ నాకు వినబుద్ధి అయ్యేది కాదు.

లైబ్రరీ తెరవకముందే గేటు బయట సంచులూ నీళ్ళ సీసాలూ వరసగా నిలబడేవి. వాటి మనుషులు టిఫిన్ బండి దగ్గర ఉండేవాళ్ళు. నేను రెండు సీసాలు పెట్టేదాన్ని. అక్క తన బిడ్డను స్కూల్ ఆటో ఎక్కించి వచ్చేసరికి తొమ్మిదిన్నర అయ్యేది. అప్పటిదాకా ఆమె కుర్చీని కాపాడడం నా ఉద్యోగం. కానిస్టేబుల్ పరీక్షకు చదివేవాళ్ళు "మనిషి లేకుండ సీటు ఆపుడేంది అక్కా?" అని కొట్లాటకు వచ్చేవాళ్ళు. నాకూ నోరు తక్కువేం కాదు. "మనిషి తొవ్వల ఉన్నది, జర ఓపిక పట్టు" అని కసిరేదాన్ని.

నోట్సు పంచుకుందామన్నది అక్కే. "ఇద్దరం రెండు రెండు రాస్కుంట కూసుంటే అయ్యేది కాదు. ఫైనాన్స్ నేను రాస్త, ఆడిట్ నువ్వు రాయి. జిరాక్స్ తీసుకుందాం" అంది. మా చదువులో ఇది మామూలే. పరీక్షకూ పరీక్షకూ మధ్య దొరికేది రోజున్నర. అందులో ఇటుకల్లాంటి పుస్తకాలు ఎవరూ తిరగేయలేరు, చేత్తో రాసిన నూరు పేజీలే దిక్కు. దాంతోపాటు ఏబీసీ అని ఒకటుంది. ప్రతిసారీ వచ్చే అధ్యాయానికి ఏ, అప్పుడప్పుడు వచ్చేదానికి బీ, వస్తే వచ్చింది లేకపోతే లేదు అన్నదానికి సీ. సీ పెట్టినదాన్ని ధైర్యంగా వదిలేయడం కూడా చదువే అని కోచింగులో సార్లు చెబుతారు. అందుకని మాలో ఎవరు ఏం చదివారన్నదానికన్నా ఎవరు ఏం వదిలేశారన్నదానికే విలువ ఎక్కువ. ఫలానా ర్యాంకు వచ్చినామె ఫలానా అధ్యాయం ముట్టలేదట అని ఎవరైనా అంటే చాలు, మర్నాటికి మేమంతా దాన్ని మూసేసేవాళ్ళం.

అక్క తన వాటా చెప్పిన రోజుకు చెప్పినట్టు తెచ్చి ఇచ్చింది. కుదురైన అక్షరాలు. లెక్కల పక్కన ఎర్ర సిరాతో ప్రత్యేకంగా నాకోసం రాసిన మాటలు: "ఇక్కడ నువ్వు పన్ను తీసేసుడు మర్చిపోతవ్", "ఉరకకు, సంవత్సరాలు మళ్ళ లెక్కపెట్టు." నేను ఎక్కడ జారిపడతానో నాకన్నా ఆమెకే బాగా తెలుసు.

నా వాటా పదో అధ్యాయం దాకా బాగానే నడిచింది. అప్పుడు మాక్ టెస్టు రాస్తే ఆడిట్‌లోనే ముప్పై ఒకటి వచ్చింది. ఇంకొకరికి నోట్సు రాసిపెడుతున్న మహాపండితురాలికి ముప్పై ఒకటి! జ్వరమని చెప్పి మూడు రోజులు మంచం దిగలేదు. జ్వరం లేదు, గిరం లేదు. ఉత్త భయం. లేచి చూసుకుంటే పద్నాలుగింటిలో నాలుగు మిగిలాయి. మూడు ఎలాగో రాశాను. పద్నాలుగోది ప్రభుత్వ రంగ సంస్థల ఆడిట్. చిన్నదే, ఒక పూట కూర్చుంటే అయిపోయేది. నా చేయి లేవలేదు. దానికి సీ పెట్టి మూసేశాను.

వదిలేశానని అక్కకు ఒక్క మాట చెబితే సరిపోయేది. "తీ, అదొక్కటి నేను రాస్కుంట" అని తీసుకునేదే. ఆ మాట ఆమె నోట వినాలంటే నాకు నామోషీ. అంతటితో ఆగినా బాగుండేది. నోట్సు మొదటి పేజీలో పద్నాలుగు అధ్యాయాల పట్టిక ఉంది. ఆ పేజీ చింపేసి, పదమూడింటితో కొత్త పట్టిక రాసి, జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ చేయించి చేతికిచ్చాను. "ఎంత మంచిగ రాసినవే చెల్లె" అంది అక్క. ఇప్పుడు నేను కంపెనీల లెక్కలు చూసి, అన్నీ చూపించారు అని సంతకం పెట్టే మనిషిని. పెన్ను తీసిన ప్రతిసారీ కాదు గానీ, చాలాసార్లు ఆ చింపిన పేజీ గుర్తొస్తుంది.

అకౌంట్స్ ఓ మాదిరిగా రాశాను. ఫైనాన్స్ అక్క నోట్సు పుణ్యాన బాగా రాశాను. పన్ను తీసేయడం మర్చిపోబోయి, ఎర్ర సిరా గుర్తొచ్చి దిద్దుకున్నాను కూడా.

ఆడిట్‌కు ముందురోజు పొద్దున నాకు కాలు నిలవలేదు. ఎందుకైనా మంచిదని పుస్తకంలో ఆ పద్నాలుగో అధ్యాయం తీశాను. ముప్పావు గంట పట్టింది. అంతే. ఇన్ని వారాలు నేను తప్పించుకు తిరిగింది ముప్పావు గంట పని. గడియారం చూస్తే పదకొండు. అక్కకు చెప్పాలని ఫోన్ తీశాను. చెప్పాలంటే పట్టిక మార్చిన సంగతీ చెప్పాలి. పరీక్ష ముందు ఆమెను పరేషాన్ చేయడం ఎందుకులే అని నాకు నేనే ఒక మంచి మాట చెప్పుకుని ఫోన్ బోర్లా పెట్టేశాను. ఆ మంచితనం తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మర్నాడు పేపర్లో ఆ అధ్యాయం నుంచి అయిదు మార్కుల ప్రశ్న వచ్చింది. నేను రాశాను. రాస్తున్నంతసేపూ, ఊరి అవతల ఇంకో సెంటర్లో అక్క అదే ప్రశ్న చూస్తూ కూర్చుని ఉంటుందని నాకు తెలుసు. బయటికి రాగానే ఆమే ఫోన్ చేసింది.

"ఆ సర్కారు కంపెనీలది ఒక్కటి ఇడిచిపెట్టిన చెల్లె. కడమయి ఫర్వాలేదు. నువ్వు?"

"నేను గూడ ఇడిచిపెట్టిన" అన్నాను.

రెండు నెలలకు ఫలితాలు వచ్చాయి. నాకు అకౌంట్స్ నలభై ఆరు, ఫైనాన్స్ అరవై ఒకటి, ఆడిట్ నలభై మూడు. సరిగ్గా నూటయాభై. ఒక్క మార్కు తగ్గినా పోయేదాన్ని. అక్కకు ఫైనాన్స్ యాభై ఏడు, ఆడిట్ ముప్పై ఏడు. ఆ పాత అరవై నాలుగుతో కలిపితే ఆమెకు నాకన్నా ఎనిమిది మార్కులు ఎక్కువ. అయినా నేను పాసు, ఆమె ఫెయిలు. మూడు మార్కులు.

వారం తర్వాత అక్కే నారాయణగూడలో ఇరానీ హోటల్‌కు రమ్మంది. పాసయ్యావు కదా, చాయ్ తాగిపిస్తానంది. వెళ్ళేసరికి బల్ల మీద నా స్పైరల్ నోట్సు ఉంది. తిరిగి ఇవ్వడానికి తెచ్చిందేమో అనుకున్నాను.

"ఇడిచిపెడ్తనంటి గనీ మనసొప్పుత లేదు. మళ్ళ మూడు రాస్త. ఇది నా దగ్గరనే ఉంచుకుంట, ఏమనుకోకు" అంది.

ఇక ఉగ్గబట్టుకోలేకపోయాను. "దాంట్ల ఒక చాప్టర్ లేదక్కా."

"ఎరికే. పరీక్షకు రెండు వారాల ముందు పుస్తకం పక్కన పెట్టి చూసిన."

"మరి అడగకపోతివేంది?"

"అడుగుడేంది? ఆడిట్‌ల నాకన్న నీకే ఎక్కువ తెలుసు. నువ్వు రాయలేదంటే ఏదో చూసే ఇడిచిపెట్టినవ్, ఇగ అది రాదు అనుకున్న. నేను గూడ సీ పెట్టుకున్న." నా మొహం చూసి ఏమనుకుందో, చేయి పట్టుకుంది. "ఏడుస్తవేంది పిచ్చిదానా? నువ్వు గూడ ఇడిచిపెట్టినవ్ గద. దీంట్ల నీ తప్పేమున్నది?"

నా బద్ధకాన్ని ఆమె తెలివి అనుకుంది. నా అబద్ధంతో నన్నే ఓదారుస్తోంది.

"నేను ఇడిచిపెట్టలేదక్కా. రాసిన. అబద్ధం చెప్పిన."

అక్క చేయి తీయలేదు. చాయ్ మీద కట్టిన మీగడను రెండో చేతి వేలితో పక్కకు తీసింది.

"ఎప్పుడు చదివినవ్?"

"ముందురోజే. పదకొండింటికల్ల అయిపోయింది."

"పదకొండింటికి నేను ఖాళీగనే ఉంటి" అంది అక్క. "ఫోన్ గూడ పక్కకే ఉండె."