తదితరులు ఏడుగురు

ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఆ పెద్దమనిషిని అందరూ ఎర్రపెన్ను అంటారు. అనరూ మరి? పెళ్లయిన కొత్తలో పెళ్లాం పుట్టింటి నుంచి ప్రేమగా ఉత్తరం రాస్తే, తప్పులు దిద్ది తిరుగు టపాలో పంపిన ఘనుడాయన. ఆ తర్వాత ఆవిడ మళ్లీ ఉత్తరం రాస్తే ఒట్టు.

ఇంకో విద్య కూడా ఉంది ఆయనకి. ఫొటో కింద పేర్లు ఎక్కువై లైను దాటితే, ముందున్న నలుగురినీ ఉంచి మిగతావాళ్లని ‘తదితరులు’ అనే ఒక్క మాటలో కుక్కేస్తాడు. ముప్ఫై ఏళ్లలో ఎంతమందిని కుక్కాడో ఆయనకే తెలీదు.

మొన్న పాత ఆసుపత్రి మీద కొత్త పుస్తకం ఒకటి ప్రూఫుకొచ్చింది. రాసినావిడ పెద్ద డాక్టర్లతో సరిపెట్టకుండా వార్డులు తుడిచినవాళ్ల గురించీ, శవాలు మోసినవాళ్ల గురించీ రాసింది. చదువుతూ చదువుతూ మనవాడు తప్పులు వెతకడమే మర్చిపోయాడు. అంతలో ఫొటో ఉన్న పేజీ వచ్చింది. ముందు కుర్చీల్లో నలుగురు డాక్టర్లు, వెనక చేతులు కట్టుకుని ఏడుగురు ఆడవాళ్లు. అందులో మూడో మనిషి వాళ్లమ్మ. ఆ ఆసుపత్రి దుప్పట్లు ఉతికి ఈయన్ని చదివించింది. ఫొటో కింద డాక్టర్ల పేర్లు, ఆపైన ‘తదితరులు’. ఆ మాట పెట్టిందెవరనుకున్నారు? ఈయనే. ఫొటో ఇంకా చేతికి రాకముందు, ఫొటోల కింది మాటలు మాత్రం విడిగా వచ్చిన మొదటి ప్రూఫులో, ‘దుప్పట్లు ఉతికే ఏడుగురు ఆడవాళ్లు’ అన్నది లైను దాటుతోందని.

వెంటనే రాసినావిడకి ఫోన్ చేస్తే, మిగతావాళ్ల పేర్లు తనకి దొరకలేదనీ, వాళ్లమ్మ పేరు మాత్రం సాయంత్రం లోపు తప్పకుండా చేర్చమనీ చెప్పింది. అమ్మ ఒక్కదాన్నే పైకి లాగి ఆరుగురిని అక్కడే వదలడానికి మనసొప్పక, ప్రూఫు చంకన పెట్టుకుని ఇంటికొచ్చాడు.

చదివి వినిపించాడు.

“తదితరులంటే ఎవర్రా?” అంది అమ్మ.

“మీరేనమ్మా.”

“మాకు పేర్లు లేవా?”

నవ్వుతూనే అడిగింది. ఈయనకే సిగ్గుతో తల లేవలేదు.

కళ్లజోడు తగిలించుకుని ఒక్కొక్కరి మీదా వేలు పెట్టి చెప్పుకొచ్చింది. ఎవరు గయ్యాళో, ఎవరు సబ్బుముక్క దాచేవారో, అదీ కలిపి. తనతో కలిపి ఆరు పేర్లయ్యాయి. చివరి మనిషి దగ్గర వేలు ఆగింది. ఈవిడ పెద్దక్క అంది. అసలు పేరేంటని అడిగాడు.

“మాలో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా మా వంతూ తనే ఉతికేది. ఇరవై ఏళ్లు అక్కా అక్కా అని చేయించుకున్నాం గానీ, నీ పేరేంటని నేనూ అడగలేదురా.”

ఏం రాయమంటావన్నాడు కొడుకు.

“పెద్దక్క అనే రాయి. పక్కన గారు పెట్టు. బతికుండగా ఎవరూ పెట్టలేదు.”