ఆగస్టు పదిహేనున నేను కొట్టిన చావుగంట

ఆ రోజుల్లో నాకు ఓడిపోవడమంటే ఎంత మంటో, నోరు మూసుకోవడమంటే అంతకు రెట్టింపు మంట. (ఇప్పుడు తగ్గిందా అని మా ఇంట్లో అడక్కండి.) ఎనభైల మొదట్లో ఘాజియాబాద్‌లో బి.ఏ. చదువుతున్నాను. అమ్మ ఆసుపత్రిలో నర్సు. అక్కడి పాత ఇటుకల చర్చిలో హిందీ ఆరాధన అయ్యాక మా కోస్తా కుటుంబాలకు తెలుగు ఆరాధన జరిగేది. యూత్ కమిటీలో మాత్రం అందరూ మగపిల్లలే. ఎందుకని మీటింగులో లేచి అడిగాను. మేము చాటుగా రూల్సు అంకుల్ అని పిలుచుకునే సంఘపెద్ద కళ్ళజోడు పైకి తోసుకున్నారు.

"కమిటీ అంటే పాటలు పాడ్డం కాదమ్మా. ఆగస్టు పదిహేనుకి గంట గోపురం ఎక్కి జెండా కట్టాలి. ఎక్కుతావా?"

"ఎక్కితే ఆడపిల్లల్ని తీసుకుంటారా?"

"ఎవరి సాయం లేకుండా ఎక్కి, కట్టి, దిగితే. జెండా నేలకి తగిలిందా, మళ్ళీ ఈ మాట ఎత్తకూడదు."

"ఠీక్ హై అంకుల్," అన్నాను. (అప్పటిదాకా ఆ గోపురం వంక తలెత్తి కూడా చూడలేదు.)

ఆగస్టు పదిహేను పొద్దున్నే వాన వెలిసింది. గోపురం లోపల గోడకు దిగేసిన ఇనుప నిచ్చెన తడిసి జారుతోంది, పావురాల కంపు. బంతిపూల రేకులు పోసి మడిచిన జెండాను చంకలో ఇరికించుకుని ఎక్కుతున్నాను. కింద చౌకీదారు "దీదీ, ఉతర్ ఆయియే!" అని, దిగి రమ్మని ఒకటే గోల. గంట పక్కకు చేరేసరికి నా చున్నీ అంచు గంట నాలుకకు కట్టిన తాడులో చిక్కుకుంది. ఇంకో మెట్టెక్కాను. టంగ్. బెదిరి కాలు జారింది, ఎలాగో నిలదొక్కుకున్నాను. టంగ్. ఒక చెయ్యి నిచ్చెన మీద, రెండో చంకలో జెండా. చిక్కు విప్పడానికి మూడో చెయ్యి లేదు. నేను కదిలినప్పుడల్లా గంట ఆగి ఆగి మోగుతూనే ఉంది.

మావాళ్ళకి గంట గబగబా మోగితే ఆరాధన. ఇలా ఒక్కొక్కటిగా మోగితే సంఘంలో ఎవరో పోయారని.

గోపురం కిటికీలోంచి చూస్తే సందులో తెల్లచీరలు, గొడుగులు. అందరూ చర్చికి కాదు, మూడు నెలలుగా మంచంలో ఉన్న, సంఘమంతా కాకినాడ అమ్మమ్మ అని పిలిచే ముసలావిడ ఇంటికి పరుగెడుతున్నారు. కాసేపటికి ఆ గుంపంతా వెనక్కి తిరిగింది. ముందు సైకిల్ రిక్షాలో సాక్షాత్తూ అమ్మమ్మే!

"ఎవత్తే నన్ను చంపింది?"

"నేనే అమ్మమ్మా! చున్నీ ఇరుక్కుంది!"

"కదలకు, చౌకీదారు భయ్యాని పంపిస్తా," అన్నారు రూల్సు అంకుల్. ఆ గొంతులో భయం నిజమైనదే. కానీ భయ్యా ఎక్కితే కమిటీ పోయినట్టే. నాకా, చేతులు పట్టు తప్పుతున్నాయి.

"వాడెందుకూ, వీడెందుకూ! నోరుందిగా నీకు? సంఘంలో అందర్నీ కొరుకుతావు, ఆ పీలిక కొరకలేవూ?" అని అరిచింది అమ్మమ్మ.

కొరికాను. అమ్మ జీతం రోజున కొనిపెట్టిన వాయిల్ చున్నీ పర్రుమని చిరిగింది. పైకెక్కి, జెండా కట్టి, దాని తాడు లాగాను. బంతిరేకులు నా చావుగంట విని ఏడ్వడానికొచ్చిన వాళ్ళందరి నెత్తిన రాలాయి. దిగేసరికి రూల్సు అంకుల్ నా మొహం చూడకుండా కమిటీ రిజిస్టరు తెరిచి నా పేరు రాస్తున్నారు. అమ్మమ్మ మాత్రం నా చెవి పట్టుకుంది. "నా గంట కొట్టేశావు. ఇంకోసారి కొట్టావో, లేచొచ్చి మరీ తంతా."

ఆ తర్వాత ఇంకో నాలుగేళ్ళు బతికింది ఆవిడ. పోయిన రోజున కమిటీ సెక్రటరీని నేనే. గంట కొట్టమన్నారు రూల్సు అంకుల్. "ఆవిడది ఒకసారి కొట్టేశాం అంకుల్," అన్నాను. రూలు చెప్పబోయి, ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. గంట మోగలేదు.

ఇప్పుడు రెండంతస్తులెక్కాలంటే మోకాళ్ళతో వాదించాలి, అదీ ఓడిపోతున్నాను. ఆ రోజు చున్నీ చింపిన ముందుపళ్ళలో రెండు కట్టుడువి. అయినా ఆ గోపురం కింద నిలబడితే, ఇప్పటికీ చెయ్యి తనంతట తనే చెవి మీదికి పోతుంది.