చేపల్లేని నీళ్లు

నాకు ఓపిక లేదు. ఈ సంగతి నా భార్య పెళ్లయిన వారానికే కనిపెట్టింది. గచ్చిబౌలి దగ్గర ఎర్ర లైటు పడితే బండి ట్యాంకు మీద దరువేస్తానట, లిఫ్టు రాకపోతే బటన్ నొక్కుతూనే ఉంటానట. "మీరు నొక్కినకొద్దీ అదేమీ పరిగెత్తి రాదండీ" అని నవ్వేది. అలాంటివాణ్ణి, నల్లగండ్లలో మా కిరాయి ఫ్లాటు హాల్లో, ఒక్క చేప కూడా లేని అద్దాల తొట్టి ముందు వారాల తరబడి కూర్చోబెట్టింది.

ఆమెది సముద్రం పక్క ఊరు. లింగంపల్లిలో ఒక స్కూల్లో సైన్సు చెప్పేది. ఇక్కడికొచ్చి ఎన్నేళ్లయినా ఈ ఊరి నీళ్లంటే ఆమెకు గౌరవం కలగలేదు. దుర్గం చెరువు చూపిస్తే, అలల్లేని నీళ్లేం నీళ్లని పెదవి విరిచింది. మామూలు మంచినీళ్ల చేపలు తెచ్చుకుందాం, సాయంత్రానికల్లా పనైపోతుందన్నాను. వినలేదు. ఉప్పునీళ్ల తొట్టే కావాలి, అందులో నారింజరంగు మీద తెల్ల చారలుండే చేపలు రెండు కావాలి. నన్ను ఆమె అడిగింది అదొక్కటే.

సరే, తొట్టి వచ్చింది. సముద్రపు ఉప్పు సంచీ, బెజ్జాల రాళ్లూ వచ్చాయి. నీళ్లు కలిపింది, మోటరు పెట్టింది. ఇక చేపల కొట్టుకి పోదామా అంటే, ఫ్రిజ్‌లోంచి ఒక పచ్చి రొయ్య తీసి తొట్టిలో వేసి చేతులు కడుక్కుంది.

మా అమ్మ మాతోనే ఉంటుంది. కోడలంటే ప్రాణం పెడుతుంది గానీ తిండి పారేస్తే మాత్రం ఊరుకోదు. ఆ రొయ్య ఉబ్బి, కుళ్లి, హాలంతా ఒకటే కంపు. అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని టీవీ చూసేది. తినే రొయ్యను కుళ్లబెట్టడం ఏం చదువని సణిగేది.

నా భార్య మా ఇద్దరికీ కలిపి పాఠం చెప్పింది. రొయ్య కుళ్లితే నీళ్లలో విషం పుడుతుంది. ఆ విషాన్ని తిని బతికే సూక్ష్మజీవులు మెల్లగా రాళ్లను పట్టుకుని పెరుగుతాయి. అవి సరిపడా పెరిగాకే చేపలు వేయాలి, లేకపోతే చేప విసర్జించిందే చేపను చంపుతుంది. కాసిని నీళ్లు గాజు గొట్టంలోకి తీసి మందు చుక్కలు వేస్తే, విషముంటే ఆకుపచ్చ, పోతే పసుపు. పసుపు వచ్చేదాకా ఆగాలి. ఖాళీ నీళ్లకి మోటరూ, లైటూ, భేషుగ్గా ఉందన్నాను.

"ఖాళీ కాదండీ," అంది. "చేపల కంటే ముందు రావలసినవి వస్తున్నాయి. మీకు కనపడవు, అంతే."

వానలు పడ్డాక మా బ్లాకులో ఇంటికొకరు జ్వరంతో పడ్డారు. ఆమెకూ వచ్చింది. డెంగ్యూ అన్నారు. చందానగర్‌లో దవాఖానలో చేర్చాం. నాలుగు రోజులు పడుకుని లేచి వస్తుందనే అనుకున్నాం. మంచం మీద కూడా ఆమెకు తొట్టి ధ్యాసే. రోజూ పొద్దున్నే నీళ్లు పరీక్ష చేసి, గొట్టం ఫోటో తీసుకెళ్లి చూపించేవాణ్ణి. ఆకుపచ్చ పలచబడుతూ వచ్చింది. ఒక పొద్దున పసుపు తిరిగింది. ఆ రోజు నల్లగండ్ల నుంచి చందానగర్ దాకా బండి ఎట్లా నడిపానో నాకే తెలియదు. ఫోను ముఖం ముందు పెట్టాను. చాలాసేపు చూసింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"తొందరపడి చేపలు తెచ్చేయకండి," అంది. "నేనొచ్చాక వేద్దాం. అప్పటిదాకా ఆ కనపడనివాటికి రోజూ చిటికెడు చేపల మేత వేయండి. పస్తులుంటే చచ్చిపోతాయి."

ఆ సాయంత్రమే ఐసీయూలోకి మార్చారు. ఆమె నాతో మళ్లీ మాట్లాడలేదు. ఆ రోజుల్లో డాక్టర్లు చెప్పింది సగం నా తలకెక్కలేదు. నా చేతిలో ఉన్న పని ఒక్కటే. ఇంటికి రావడం, కంటికి కనిపించని వాటికి చిటికెడు మేత వేయడం, మళ్లీ పరిగెత్తడం. అవి బతికుంటే ఆమె వస్తుందన్నట్టే వేశాను. ఆమె రాలేదు. నా భార్య చనిపోయింది అని రాయడానికి ఇప్పటికీ నాకు చెయ్యాడదు.

దహనం చేసి తడి బట్టలతో ఇంటికొచ్చాను. వాకిట్లో కాళ్లు కడుక్కుని, హాల్లో వెలిగించిన దీపం చూడబోతే, ఆ దీపం వెనక తొట్టి ఖాళీగా ఉంది. ఇల్లంతా ఫినాయిల్ వాసన. మా వైపు చావింట్లో నిలవ నీళ్లు ఉంచరు. శవం లేవగానే ఆడవాళ్లు బిందెలూ సీసాలూ అన్నీ వంపేసి ఇల్లు కడుగుతారు. అమ్మా చిన్నమ్మా అన్నిటితో పాటు తొట్టి కూడా వంపేశారు. రాళ్లను సబ్బు పెట్టి తోమి బాల్కనీలో ఆరబెట్టారు. వారం రోజులుగా మొహం చూపించని ఎండ, ఖర్మ కాలి ఆ రోజే కాసింది.

అరిచాను. ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. చిన్నమ్మ వంటింట్లోకి తప్పుకుంది. అమ్మ కదల్లేదు.

"మైల నీళ్లు ఇంట్ల ఎట్ల ఉంచుతమురా," అంది. "అండ్ల చేపలు గూడ లేకపాయె. ఒట్టి నీళ్లే గద బిడ్డా."

ఆ రాళ్ల మీద కనపడకుండా పెరిగినవాటినే ఆమె నాకు అప్పజెప్పి పోయిందని చెప్పాను. అమ్మకు మెల్లగా అర్థమైంది. బాల్కనీలోకి వెళ్లి ఒక రాయి చేతిలోకి తీసుకుంది.

"ఇప్పుడు తడిపితే లేస్తయా?"

లేవవన్నాను. అమ్మ ఆ రాయి ఒళ్లో పెట్టుకుని అక్కడే కూలబడింది.

మూడో రోజు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, శ్మశానంలో విస్తట్లో పెట్టి, కాకి ముట్టేదాకా దూరంగా నిలబడతాం. అమ్మ తెల్లారే చందానగర్ పోయి రొయ్యలు తెచ్చి, కోడలు వండినట్టే గోంగూర వేసి వండింది. ఎంతసేపు నిలబడ్డా కాకి రాలేదు. పావురాలు వచ్చి అన్నం కెలికి పోయాయి. కాకి ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో తీరని కోరిక ఉందంటారు. అలాంటప్పుడు ఒక్కొక్కరే ముందుకొచ్చి మాట ఇస్తారు. ఆమె అన్నయ్య తమ అమ్మను చూసుకుంటానన్నాడు. చిన్నమ్మ నన్ను చూసుకుంటామంది. అయినా రాలేదు. అప్పుడు అమ్మ విస్తరి దగ్గరికి వెళ్లింది.

"నీ నీళ్లు నేనే పారవోసిన బిడ్డా," అంది. "మళ్ల పోస్తం. నీ చేపలను ఏస్తం. జర తిను."

కొంతసేపటికి ఒక కాకి దిగి, అన్నీ వదిలేసి ఒక రొయ్య పట్టుకుపోయింది. ఆకలేసి వచ్చిందేమో, నేనెవరితోనూ వాదించను.

ఆ సాయంత్రం ఉప్పు సంచీ తీశాను. ఆమె మడిచి వేసిన రబ్బరు బ్యాండు అట్లాగే ఉంది. నీళ్లు కలిపి, రాళ్లు కడిగి పేర్చి, మోటరు ఆన్ చేశాను. మళ్లీ మొదటి నుంచే. ఆమె పెంచినవి పోయాయి, ఇవి వేరేవి. ఆ మాట ఎన్నిసార్లు అనుకున్నా మింగుడు పడలేదు.

మర్నాడు అమ్మ ఫ్రిజ్‌లోంచి స్టీలు గిన్నె తీసుకొచ్చింది. అందులో ఒకే ఒక్క రొయ్య, పొట్టుతో సహా, పచ్చిది. పిట్టకని రొయ్యలు ఒలిచేటప్పుడే దాన్ని పక్కకు తీసి పెట్టిందట. నన్ను వేయమంది. నా వల్ల కాలేదు. అమ్మే వేసింది.

కొన్నాళ్లకు హాలంతా మళ్లీ అదే కంపు. నేను సోఫాలో ఉన్నాను, అమ్మ కింద కూర్చుని టీవీ చూస్తోంది. కొంగు ఒళ్లోనే ఉంది, ముక్కు దాకా రాలేదు.

"పిల్ల ఇంట్లనే ఉన్నట్టున్నదిరా," అంది.