గుండీలాయన దువ్వని పిల్లి

ఆ వీధిలో ఆయన్ని అందరూ గుండీలాయన అనేవారు. దర్జీకి ఆ పేరు తెచ్చిపెట్టింది ఆయన నోరే. ఎవరు ఎప్పుడొచ్చి అడిగినా "అయిపోయిందండీ, గుండీలే మిగిలాయి" అనేవాడు. అప్పటికి ఆ గుడ్డ కత్తెర మొహం కూడా చూసి ఉండదు. ఆ సంగతి అడిగినవాళ్లకూ తెలుసు. కుట్టేవాళ్లకు అది మామూలేనని నవ్వుకుంటూ వెళ్లిపోయేవారు. చెడ్డవాడు కాదు పాపం. ఎదుటి మనిషి మొహం చిన్నబోతే చూడలేడు. అలాంటి మెత్తదనాన్ని చూసి మనం జాలిపడతాం గాని, నిజానికి భయపడాలి.

భార్య అలా కాదు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. ఆమె ఒక పొడవు బొచ్చు పిల్లిని పెంచుకుంటూ ఉండేది. దాని నడకలోని టెక్కు చూసి దొరసాని అని పిలిచేది. రోజూ సాయంత్రం ఆయన మిషను ఆపగానే కింద పడ్డ ముక్కలూ దారాలూ ఊడ్చేసి, దొరసానిని ఒళ్లో వేసుకుని సన్నపళ్ల దువ్వెనతో దువ్వేది. మెడ దగ్గర మొదలుపెట్టి, చంకల్లో చిక్కులు వేళ్లతో విడదీసి, చివరికి తడిగుడ్డతో ఒళ్లంతా తుడిచేది. చెల్లెలి కాన్పుకు సాయం వెళ్తూ గుమ్మంలో నిలబడి మరీ చెప్పింది.

"దువ్వెనకు రాని బొచ్చంతా అది నాకి మింగేస్తుంది. కడుపులో ఉండ కడుతుంది. దువ్వడం మానకండి. గిన్నెలో నీళ్లు మారుస్తుండండి. మిషను కింద ఊడవండి."

"నేను చూసుకుంటాగా, నువ్వు నిశ్చింతగా వెళ్లిరా" అన్నాడు.

అది బడి యూనిఫాంల కాలం. తెల్లచొక్కాలు గుట్టలుగా పడి ఉన్నాయి. ఊపిరి సలపని పనిలో దువ్వెన కిటికీలోంచి కదల్లేదు, చీపురు మూలలోంచి కదల్లేదు. ఫోనులో భార్య "దువ్వుతున్నారా?" అని అడిగితే "ఇప్పుడే దువ్వి లేచాను" అనేవాడు. ఎదురుగా ఉంటే ఇట్టే పట్టేసేది. ఫోనులో మొహం కనపడదు కదా.

దొరసాని బొచ్చు జడలు కట్టింది. ఒకనాడు అది మెడ చాచి, డొక్కలెగరేసి, ఖక్కుఖక్కుమని దగ్గి, గచ్చు మీద తడి బొచ్చు ఉండ ఒకటి కక్కింది. అది చూసి ఆయన అప్పటికప్పుడు దువ్వెన తీశాడు. అది చిక్కుల్లో ఇరుక్కుంటే గట్టిగా లాగాడు. దొరసాని చెయ్యి రక్కి మిషను కిందికి దూరింది. అక్కడ తెల్లదారాలు మేటవేసి ఉన్నాయి. అది వాటితో ఆడుకుంటుంటే, పోనీలే కోపం పోయింది అనుకుని గాయం కడుక్కోవడానికి వెళ్లాడు.

ఆ తర్వాత అది తిండి మానేసింది. మళ్లీ దగ్గు మొదలైంది గాని ఈసారి ఉండ రాలేదు, నురగ వచ్చింది. ఇంకా బొచ్చే అడ్డం పడిందనుకున్నాడు. మందుల షాపులో అడిగి, ఉండలు జారిపోవడానికి ఇచ్చే జిగురు మందు తెచ్చి పిల్లి పంజాకు రాశాడు. పంజా మీద ఏది రాసినా నాకేసే జంతువు దాన్ని అలాగే వదిలేసింది. అసలు ఒళ్లు నాక్కోవడమే మానేసి, గోడవైపు తిరిగి కూర్చుంది. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందని ఆయన కావాలని మిషను తొక్కాడు.

భార్యకు చెబుదామనుకున్నాడు. చెబితే దువ్వలేదనీ చెప్పాలి. ఈలోగా ఆవిడే ఫోను చేసి "దొరసాని తింటోందా?" అంది. "శుభ్రంగా" అన్నాడు.

మర్నాడు పిల్లి నోట్లోంచి చొంగ కారుతోంది. దవడ పట్టుకుని తెరిచి చూశాడు. నాలుక పక్కన తెల్లటి పోగు ఒకటి వేలాడుతోంది, చొక్కాలు కుట్టే దారమే. పోగు కనపడితే లాగేయడం దర్జీ చేతికి అలవాటు, దానికి బుర్రతో పని లేదు. లాగాడు. కొంచెం వచ్చి, లోపలెక్కడో బిగిసింది. ఇంకాస్త లాగాడు. దొరసాని అరవలేదు. ఒళ్లంతా ముడుచుకుని ఆయన మొహంలోకి చూసింది. ఆ చూపుకు భయపడి దారం వదిలేశాడు.

పశువుల డాక్టరమ్మ బల్ల మీద దాని నోరు తెరిచి చూసి, పొట్ట నొక్కి చూసింది.

"దారం మింగింది. ఒక కొస నాలుక మొదట్లో చుట్టుకుంది, మిగతాది పేగుల్లోకి దిగింది. మీరు లాగలేదు కదా?"

"లేదండీ, ముట్టుకోనైనా లేదు" అన్నాడు. ఆ మాట తనంతట తానే వచ్చేసింది.

"మంచి పని చేశారు. చాలామంది లాగేస్తారు. లాగితే లోపల పేగు కోసుకుపోతుంది, వెంటనే పొట్ట కోసి చూడాలి. మీరు లాగలేదు కాబట్టి నాలుక దగ్గర కత్తిరించి సెలైన్ పెడతాను. దానంతటదే బయటికి రావచ్చు. ఇంత నీరసంలో మత్తు ఇవ్వకపోవడమే మేలు."

ఆయన నోరు తెరిచాడు. మెచ్చుకున్న మొహం ఎదురుగా ఉంది. ఒక్క మాట చాలు, పిల్లి బతుకు ఆ మాట మీదే ఉంది. ఆ మాట అనలేక "సరేనండీ" అన్నాడు.

ఆ సాయంత్రం భార్యకు ఫోను చేసి, పిల్లికి నలతగా ఉంది, ఆసుపత్రిలో ఉంచారు అని మాత్రం చెప్పాడు. తెల్లవారి ఆమె బస్సు దిగి సంచితోనే ఆసుపత్రికి వచ్చేసరికి దొరసాని చనిపోయి ఉంది. డాక్టరమ్మ మెల్లగా చెప్పింది.

"పేగు తెగినట్టుందమ్మా. లాగకపోయినా ఒక్కోసారి అలా అవుతుంది. మీవారు దారం ముట్టుకోలేదని చెప్పారు, అందుకే నేను కోయలేదు. ఆయన తప్పేం లేదు."

ఆమె ఏడుస్తూనే పిల్లిని ఒళ్లోకి తీసుకుంది. చెయ్యి అలవాటుగా మెడ దగ్గర మొదలై కిందికి జారింది. చంక దగ్గర గట్టిపడిన జడల్లో వేళ్లు ఇరుక్కుని ఆగిపోయాయి. ఏడుపు కూడా ఆగిపోయింది.

"రోజూ దువ్వుతున్నానని కూడా చెప్పారమ్మా ఈయన" అంది, తలెత్తకుండా.

డాక్టరమ్మ ఆయన వైపు తిరిగింది.