థెల్మా టీచర్ నల్లబల్ల

చేపల ఫ్యాక్టరీ కూలీల పిల్లలకు వ్యాకరణం ఎందుకని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నోవాస్కోషియా సముద్రతీరాన మా రేవు హైస్కూల్లో నేను లెక్కలు చెప్పేవాణ్ణి. పక్క గది వ్యాకరణం చెప్పే థెల్మా కార్కమ్‌ది. ఆమె గొంతు గోడ దాటి వచ్చి నా లెక్కలు చెడగొట్టేది.

ఆమె తండ్రి అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టి పడవ పోగొట్టుకున్నాడు. తన పిల్లలకు ఆ గతి పట్టకూడదని ఆమె పంతం. వాక్యాన్ని నల్లబల్ల మీద నిలువునా చీల్చేది. మధ్యలో ఒక గీత, దానికి అటూ ఇటూ మిగతా మాటలు. చూడటానికి అచ్చం చేప ముల్లే. పిల్లలు దానికి ‘ముళ్ల పాఠం’ అని పేరు పెట్టారు. ఒకసారి ఫ్యాక్టరీ గోడ మీది నోటీసును బల్ల మీద రాసింది: ‘పనిగంటలు తగ్గించబడినవి.’

“తగ్గించింది ఎవడ్రా?” అంటూ కర్రతో బల్ల మూల మీద ఒక్కటిచ్చింది. ఆ మూల పెచ్చు ఊడింది అప్పుడే.

“ఇందులో ఎవరూ లేరు మిస్.”

“లేకపోవడమేంటి? మీ అమ్మల గంటలు దెయ్యం తగ్గించిందా? దాక్కున్నాడు. బయటికి లాగండి!”

ఆమె దగ్గర చదివినవాడే గార్నెట్ జ్వికర్. పెద్దయ్యాక మా బళ్లకు పై అధికారై వచ్చాడు. వచ్చిన ఏడాదే వ్యాకరణం పీరియడ్ ఎత్తేశాడు. పిల్లలు భయపడుతున్నారట, మనసు చిన్నబుచ్చుకుంటున్నారట! తెల్లారకముందే పడవెక్కే పిల్లలు బల్ల మీద గీతలు చూసి భయపడతారా? సిగ్గుండాలి. నల్లబల్ల పీకించి తెల్లది పెట్టించాడు. థెల్మాను భోజనాల గదికి కాపలా వేశాడు. మీటింగులో నేను గొంతు చించుకున్నాను. ఎవడు వింటాడు?

ఆ చలికాలం ఒక శనివారం జ్వికర్ ఇంటి మీదుగా వెళ్తూ కిటికీలోంచి చూశాను. హాల్లో గోడకు మా బల్ల! పెచ్చు ఊడిన మూలతో సహా. హాలిఫాక్స్ నుంచి పిలిపించిన మాస్టారు దాని మీద జ్వికర్ కూతురికి చేప ముల్లు గీసి చూపిస్తున్నాడు. నేరుగా వెళ్లి థెల్మాకు చెప్పాను.

మరుసటి శనివారం ఆమె ఫ్యాక్టరీ పిల్లల్ని వెంటేసుకుని వెళ్లి ఆ తలుపు బాదింది. నేనూ వెళ్లాను. జ్వికరే తీశాడు.

“ఏరా గార్నెట్, నీ కూతురికి భయం వేయట్లేదా?”

“టీచర్ గారూ, అది... అమ్మాయికి కాలేజీ పరీక్ష ఉంది...”

“వీళ్లకి లేవా పరీక్షలు? బల్ల నీ దగ్గరే ఉంది. పిల్లల్ని నేను తెచ్చాను. జరుగు.”

వాళ్ల రబ్బరు బూట్లకేసి చూశాడు. లోపలి తివాచీకేసి చూశాడు. “ఏం చేస్తాం టీచర్ గారూ, పద్ధతులు మారిపోయాయి” అని తలుపేసుకున్నాడు.

మంచు పడుతోంది. మెట్ల మీంచి ఎవరూ కదల్లేదు. థెల్మా పిల్లల వైపు తిరిగింది.

“ఏమన్నాడర్రా?”

“పద్ధతులు మారిపోయాయన్నాడు మిస్.”

“వాటంతటవే మారాయా? మార్చిందెవడు?”

పిల్లలంతా ఆ తలుపు వైపు తిరిగి, వీధి వీధంతా వినపడేలా అరిచారు: “గార్నెట్ జ్వికర్!”